జాతర సాక్షిగా కొలువుల దర్బారు: ఏజెన్సీ గూడేల్లో ఉద్యోగ మేళా ఎలా నిర్వహించాలి

జిల్లా కేంద్రంలో ఒక ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుని, కంపెనీలను పిలిచి, వచ్చిన యువకుల చేతుల్లో సాయంత్రానికల్లా ఆఫర్ లెటర్లు పెట్టి పంపే ఉద్యోగ మేళాలు మనకు కొత్త కాదు. అటువంటి మేళాల్లో నేనూ పనిచేశాను. ఉట్నూరు, నార్నూరు, జైనూరు, కెరమెరి వైపు గూడేల నుంచి వచ్చిన గోండు, కొలాం, పర్ధాన్ యువతీయువకులు ఆ ఉత్తరాలు పట్టుకుని హైదరాబాదుకు వెళ్ళడమూ, రెండు నెలలు తిరగకముందే వారిలో చాలామంది ఇంటికి వచ్చేయడమూ చూశాను. పని చేతకాక వచ్చినవారు వారిలో బహు తక్కువ. చెప్పిన జీతానికీ చేతికొచ్చిన జీతానికీ పొంతన లేక కొందరు వచ్చారు. దీపావళి వేళ గోండులు జరుపుకునే దండారి పండుగకు సెలవు దొరకక కొందరు వచ్చారు. మేనమామ కర్మకాండకు ఊరికి వెళ్ళి, తిరిగి వెళ్ళేసరికి హాజరు పట్టీలో తన పేరు కొట్టేసి ఉండటం చూసి వెనుదిరిగిన కుర్రవాడు ఒకడు నాకు ఇప్పటికీ గుర్తున్నాడు.

అందుచేత ఈ వ్యాసంలో మేళాను ఒక రోజు పనిగా గాక, యజమానికీ ఊరికీ మధ్య పెద్దల సాక్షిగా కుదిరే ఒప్పందంగా భావించి, దాన్ని ఎలా నడపాలో వివరిస్తున్నాను. మీరు యువజన సంఘం వారు కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త కావచ్చు, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో ఉపాధి వ్యవహారాలు చూసే ఉద్యోగి కావచ్చు, కంపెనీలో నియామకాలు చూసేవారూ కావచ్చు. నాకు బాగా తెలిసిన ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలనే ఉదాహరణగా తీసుకున్నాను.

ఈ పద్ధతికి నమూనా కోసం దూరం వెళ్ళనక్కరలేదు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు మొదలయ్యే నాగోబా జాతరలో ఏటా దర్బారు జరుగుతుంది. జోడేఘాట్‌లో కుమురం భీం 1940లో నేలకొరిగిన తరువాత, గోండుల కష్టాలను తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో 1940ల్లో ఆ దర్బారు ఆరంభమైంది. కొండల్లో విసిరేసినట్టుండే గూడేల ప్రజలు అధికారుల చుట్టూ తిరగనవసరం లేకుండా, అందరూ ఒకచోట చేరే జాతరకే అధికారులు వచ్చి, పెద్దల ఎదుట కూర్చుని, అర్జీలు విని జవాబు చెప్పాలన్నది దాని సూత్రం. మీ మేళాలో అధికారుల స్థానంలో యజమానులను కూర్చోబెడితే మనకు కావలసిన రూపం చాలావరకు దొరికినట్టే.

మొదట పెద్దల మాట తీసుకోండి

కరపత్రం అచ్చు వేయించడానికి ముందు, కంపెనీలకు ఫోను చేయడానికి కూడా ముందు, మీరు వెళ్ళవలసింది గూడెం పటేల్ ఇంటికి. గోండు గూడెంలో పటేల్‌తో పాటు పూజలు నడిపే దేవారి ఉంటారు. కొన్ని గూడేలకు కలిపి రాయి సెంటర్ అనే పెద్దల సభ ఉంటుంది, దానికి సార్‌మేడి పెద్ద. సర్పంచ్‌నూ ఎంపీటీసీనీ కలవడం అవసరమే గాని, వారిని కలిసి వీరిని వదిలేస్తే ఊరు మీ మాటను సర్కారు మాటగానే వింటుంది. వెళ్ళినప్పుడు ‘రాం రాం’ అని పలకరించి, ఇచ్చిన నీళ్ళు తాగి, వచ్చిన పని చెప్పి, జవాబు ఆ రోజే కావాలని పట్టుబట్టకుండా తిరిగి రండి. పెద్దలు తమలో తాము మాట్లాడుకుని కబురు పంపుతారు. ఆ కబురు రావడానికి రెండు వారాలు పట్టినా నష్టం లేదు, ఎందుకంటే అప్పటికి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఈ విషయం చర్చకు వచ్చి ఉంటుంది.

ఆ మొదటి కలయికలో మీరు అడిగి తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఊరి నుంచి ఇంతకు ముందు ఎవరెవరు బయట పనికి వెళ్ళారు, ఎందుకు తిరిగి వచ్చారు, ఆడపిల్లలను పంపడానికి ఇళ్ళలో ఏ విషయంలో భయపడుతున్నారు, ఎంత దూరం వరకు పంపడానికి ఒప్పుకుంటారు అన్నవి అడగండి. వచ్చే జవాబులను బట్టే ఏ యజమానులను పిలవాలో తేలుతుంది. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు, దేవాపూర్ సిమెంటు కర్మాగారం, మంచిర్యాల వైపు గనుల అనుబంధ పనులు, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులు, స్థానిక ఆసుపత్రులు వంటివి వారానికోసారి ఇంటికి వచ్చి పోగల దూరంలో ఉన్నాయి. అందరినీ మూడు వందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకే పంపాలనుకోవడం మేళాలు పెట్టేవారి అలవాటు తప్ప గూడెం కోరిక కాదు.

కొలాంలు, తోటీలు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నవారు. పెద్ద సభకు రావడానికి వారు జంకుతారు, వచ్చినా వెనుక వరుసలోనే నిలబడతారు. వారి కోసం కొలాంగూడలోనే, పదిహేను ఇరవై మందితో, కొలామీ మాట్లాడే మనిషిని వెంటబెట్టుకుని విడిగా ఒక చిన్న సమావేశం జరపండి. ఖర్చు ఎక్కువైనా దీన్ని మాత్రం తగ్గించవద్దు.

రోజును పంచాంగం చూసి, పంట చూసి నిర్ణయించండి

జూన్, జూలై నెలల్లో విత్తనాల పని ఉంటుంది. అక్టోబరు నుంచి పత్తి తీత మొదలై సంక్రాంతి దాకా సాగుతుంది. దీపావళికి ముందు వారం పది రోజుల పాటు దండారి బృందాలు ఊరి నుంచి ఊరికి వెళుతుంటాయి, కోలబోడి అనే ముగింపు తంతు అయ్యేదాకా యువకులెవరూ వేరే పనికి దొరకరు. పుష్యమాసమంతా జంగుబాయి, ఖాందేవ్, నాగోబా పూజలతో చాలామంది దీక్షగా ఉంటారు. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి వెళతారు, ఆ వెంటనే తునికాకు కోత వస్తుంది. ఇన్ని తీసివేస్తే అనుకూలమైన రోజులు రెండు సందర్భాల్లో మిగులుతాయి. ఒకటి, నాగోబా జాతర ముగిసిన తరువాత ఫిబ్రవరిలో వచ్చే రెండు మూడు వారాలు. రెండవది, కలుపు తీత కాస్త సద్దుమణిగి, ప్రపంచ ఆదివాసీ దినోత్సవమైన ఆగస్టు 9 దగ్గరపడే రోజులు. ఆ దినోత్సవానికి యువత ఎలాగూ కదిలి వస్తారు కాబట్టి దాని మరుసటి రోజు మేళా పెట్టుకోవడం మంచిది. అదే రోజున పెడితే ఊరేగింపు ఒక పక్క, ఇంటర్వ్యూలు ఒక పక్క అయి రెండూ చెడతాయి.

ఏప్రిల్ 20వ తేదీని మాత్రం పొరపాటున కూడా ఎంచుకోకండి. 1981లో ఆ రోజున ఇంద్రవెల్లిలో జరిగిన కాల్పుల్లో ఆదివాసీలు ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రాంతానికి అది సంతాప దినం.

అంగడి రోజు కలిసొస్తుంది. చుట్టుపక్కల గూడేలన్నీ ఆ రోజు రోడ్డెక్కుతాయి కనుక, మేళాకు ముందు వచ్చే రెండు అంగళ్ళలో ఒక చెట్టు కింద బల్ల వేసుకుని, గోండీలోనూ మరాఠీలోనూ తెలుగులోనూ మైకులో చెప్పించి, పేర్లు కాగితం మీద రాసుకోండి. ఫోనులో నింపే ఫారాన్ని నమ్ముకోవద్దు, చాలా గూడేలకు సిగ్నల్ సరిగా అందదు.

ఇతర ఏజెన్సీ ప్రాంతాల్లో క్యాలెండరు మారుతుంది. పాడేరు, అరకు మన్యంలో నవంబరు నుంచి కాఫీ పండ్ల కోత ఉంటుంది, చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. కోయ గూడేల్లో భూమి పండుగ వేళ చూసుకోవాలి, మేడారం జాతర వచ్చే ఏడు మాఘ పౌర్ణమికి ముందూ వెనుకా పది రోజులు వదిలేయాలి. ఎక్కడైనా ఊరి పెద్దలే మీకు సరైన పంచాంగం.

యజమానులతో ముందే తేల్చుకోవలసినవి

ఈ దశకు మీ సమయంలో సగం కేటాయించండి. మేళా రోజున యజమాని మొదటిసారి ఆదివాసీ యువకుణ్ణి చూస్తున్నాడంటే మన పని సరిగా జరగలేదనే అర్థం. కనీసం నెల రోజుల ముందు నియామకాలు చూసే వ్యక్తినీ, వీలైతే రేపు ఆ యువకులపై పర్యవేక్షకుడిగా ఉండబోయే మనిషినీ గూడేనికి తీసుకువెళ్ళి, ఒక పూట ఉంచండి. అక్కడ ఉపన్యాసాలు ఏమీ అక్కరలేదు. జొన్న రొట్టె తిని, ఇళ్ళు చూసి, పెద్దలతో మాట్లాడితే చాలు. అందుకు ఇష్టపడని యజమానిని మేళాకు పిలవవద్దు. పది సంస్థలు తగ్గి మూడే మిగిలినా, ఆ మూడింటితోనే మేళా జరపండి.

తరువాత ప్రతి యజమాని చేతా ఒక కాగితం రాయించుకోండి. పని చేయవలసిన ఊరు, పేట పేరుతో సహా, పని స్వభావం, షిఫ్టు వేళలు, వారపు సెలవు, ఉండే చోటు, అద్దె ఎవరు కట్టాలి, భోజనం ఎలా, మొదటి జీతం ఏ తేదీన వస్తుంది, కష్టం వస్తే ఫోను చేయవలసిన మనిషి పేరు అన్నీ అందులో ఉండాలి. జీతం రెండు అంకెలుగా ఉండాలి: మొత్తం ఎంత, చేతికి ఎంత. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయల జీతమని చెప్పిన చోట, పీఎఫ్‌ను మొత్తం మీద లెక్కిస్తే 12 శాతం చొప్పున 1,800 రూపాయలు, ఈఎస్ఐకి 0.75 శాతం చొప్పున 113 రూపాయలు పోయి, చేతికి వచ్చేది 13,087 రూపాయలు. గది అద్దె, మెస్ బిల్లు, ఊరికి రాకపోకల ఛార్జీలు ఇందులోంచే పోవాలి. ఈ లెక్క ముందే చెప్పిన చోట యువకులు నిలబడతారు, చెప్పని చోట మొదటి జీతం రోజునే నమ్మకం పోతుంది. పీఎఫ్ డబ్బు పోయినట్టు కాదని, దానికి యజమాని కూడా తన వాటా కలుపుతాడని, ఈఎస్ఐ కార్డుతో కుటుంబానికి వైద్యం దొరుకుతుందని కూడా ఆ సందర్భంలోనే వివరించండి.

సెలవుల మాట మరింత జాగ్రత్తగా మాట్లాడండి. కంపెనీ క్యాలెండరులో దీపావళి ఒక్క రోజు. గోండు యువకుడికి అది దండారి ముగింపు మాత్రమే, అసలు పండుగ అంతకు ముందే మొదలవుతుంది. మెస్రం వంశం వారికైతే నాగోబా మహాపూజకు వెళ్ళడం వంశ బాధ్యత. కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడలిని దేవుడికి పరిచయం చేసే భేటింగ్ అక్కడే జరుగుతుంది. కాబట్టి ఏడాదిలో ఏడు రోజుల సెలవు ఒకే విడతలో ఇవ్వడానికి, దగ్గరి బంధువు చనిపోతే కర్మ ముగిసేదాకా రానివ్వడానికి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇందుకు యజమాని చెప్పే అభ్యంతరం కూడా న్యాయమైనదే: ఒకే ప్రాంతం నుంచి ఇరవై మందిని తీసుకుంటే ఇరవై మందీ ఒకేసారి వెళ్ళిపోతే పని ఆగిపోతుంది. దానికి మార్గం ఉంది. ఒకే ఊరివారిని ముగ్గురు నలుగురి చొప్పున ఒక గదిలో కలిపి ఉంచి, పనిలో మాత్రం వేర్వేరు విభాగాల్లో సర్దమనండి. దండారికి వెళ్ళేవారెవరో, నాగోబాకో జంగుబాయికో వెళ్ళేవారెవరో రెండు నెలల ముందే జాబితా మీరే తయారుచేసి ఇస్తామని చెప్పండి. ఈ ఒక్క హామీతో ఒప్పుకున్న యజమానులు ఉన్నారు.

ఆడపిల్లలను తీసుకునే సంస్థలో పదిమంది గాని అంతకు మించి గాని పనిచేస్తుంటే, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండటం 2013 నాటి చట్టం ప్రకారం తప్పనిసరి. ఆ కమిటీలో ఎవరున్నారో అడిగి రాసుకోండి. రాత్రి షిఫ్టు ఉంటే రవాణా సంగతి తేల్చుకోండి.

రిజిస్ట్రేషన్ పేరుతో గాని, యూనిఫాం డిపాజిట్ పేరుతో గాని అభ్యర్థి నుంచి ఒక్క రూపాయి తీసుకునే సంస్థను, అసలు సర్టిఫికెట్లు తన దగ్గర ఉంచుకుంటానన్న సంస్థను వెంటనే జాబితా నుంచి తీసివేయండి. ఇందులో మినహాయింపు ఉండకూడదు.

కాగితాలు సరిచేసే శిబిరం

మేళాకు మూడు వారాల ముందు గూడెంలోనే ఒక రోజు దీనికి కేటాయించండి. ఏజెన్సీ యువతకు కొలువు తప్పిపోయే కారణాల్లో పేరు తేడా ఒకటి. పదో తరగతి మెమోలో ‘మడావి భీంరావు’ అని ఉంటుంది, ఆధార్‌లో ‘మాడవి భీము’ అని ఉంటుంది. పుట్టిన తేదీ ఒకచోట అసలుది, మరోచోట జనవరి 1. పీఎఫ్ ఖాతా తెరవాలంటే ఆధార్‌లోని పేరే ప్రామాణికం కాబట్టి ఈ తేడాలు జీతం దాకా వెంటాడతాయి. ఆధార్ సవరించే ఆపరేటరునూ, కుల ధ్రువపత్రం కోసం మీ సేవ నిర్వాహకుణ్ణీ, బ్యాంకు ఖాతా తెరిచే బ్యాంకు మిత్రనూ ఒకే చోటికి రప్పించండి. ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ముందుగా లేఖ ఇస్తే రెవెన్యూ వారిని పంపించడం వారికి సాధ్యమయ్యే పనే.

బయోడేటాను అలంకారంగా రాయించవద్దు. కుర్రవాడు ట్రాక్టరు నడపగలడా, మోటారు బాగుచేయగలడా, అమ్మాయి మహిళా సంఘం లెక్కలు రాసిందా, ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు ఏ ఆట ఆడింది, ఎన్ని భాషలు వచ్చు అన్నవి అడిగి రాయించండి. గోండీ, మరాఠీ, తెలుగు, హిందీ నాలుగూ మాట్లాడగలిగిన అమ్మాయి తన బయోడేటాలో ‘తెలుగు’ అని ఒక్కటే రాసుకోవడం నేను చాలాసార్లు చూశాను. సరిహద్దు జిల్లాలో ఆసుపత్రికి గాని, బ్యాంకుకు గాని, దుకాణానికి గాని ఆ నాలుగు భాషలే ఆమె ఇవ్వగలిగిన పెద్ద అర్హత.

స్థలం, మర్యాద

ఆశ్రమ పాఠశాల మైదానం గాని, ఊరి వారు సభలు జరుపుకునే చెట్టు కింద గాని చాలు. దేవుడి గుడి ఆవరణలో బల్లలు వేయాలంటే దేవారి అనుమతి ఉండాలి, చెప్పులు ఎక్కడ విడవాలో వచ్చిన వారికి ముందే చెప్పాలి. పెద్దలకు వేదిక మీద వెనుక కుర్చీలు వేసి, కంపెనీ వారికి ముందు సోఫాలు వేయడం వంటి పొరపాటు జరగకుండా చూసుకోండి. పెద్దలూ యజమానులూ ఒకే వరుసలో, ఒకే ఎత్తులో కూర్చోవాలి.

ఆహ్వానంగా తుడుం, పెప్రె వాద్యాలు మోగించాలా వద్దా అన్నది ఊరి ఇష్టం. దండారిలో ఆడే గుస్సాడీ నృత్యం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి. నెమలి ఈకల టోపీ పెట్టి వేషం కట్టిన గుస్సాడీని దండారి రోజుల్లో దేవుడి స్వరూపంగానే చూస్తారు. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి గుస్సాడీ కళాకారుడిగా 2021లో పద్మశ్రీ వచ్చిన తరువాత ఆ నృత్యం బయటివారికి బాగా తెలిసింది, ప్రభుత్వ వేడుకల్లోనూ ప్రదర్శిస్తున్నారు. అయినా కంపెనీ అతిథులకు స్వాగతం పలకడానికి గుస్సాడీని తెమ్మని మీరు అడగవద్దు. ఊరి వారు తమంతట తాము ఆడితే కూర్చుని చూడండి, కళాకారులకు ఇవ్వవలసిన పారితోషికం ఇవ్వండి.

ప్రయాణ ఖర్చులు ముందే లెక్క వేసుకోండి. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక అమ్మాయిలు గుర్తింపు కార్డు తెచ్చుకుంటే చాలు. అబ్బాయిలకు ఛార్జీలూ, బస్సు రాని గూడేలకు ఆటోలూ మీరే చూడాలి. భోజనం అందరికీ ఒకే బంతిలో పెట్టించండి, వండే పని ఊరి మహిళా సంఘానికి అప్పగించి డబ్బు చెల్లించండి.

ఆ రోజు

ఉదయం మొదటి రెండు గంటలు ఇంటర్వ్యూలు మొదలుపెట్టకండి. ఆ సమయం దర్బారుది. ఒక్కో యజమాని లేచి, తాను రాసిచ్చిన కాగితాన్ని చదవాలి, దాన్ని గోండీలోకి మార్చి చెప్పే మనిషి పక్కన ఉండాలి. ఆ తరువాత పటేళ్ళూ, తల్లిదండ్రులూ, ముఖ్యంగా తల్లులూ ప్రశ్నలు అడగాలి. గది ఎలా ఉంటుంది, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, పండుగకు పంపుతారా, జీతం ఆలస్యమైతే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు తప్పక వస్తాయి. ఇచ్చిన జవాబును అక్కడే పెద్ద కాగితం మీద రాసి, యజమాని ప్రతినిధి సంతకం చేయించి, ఒక ప్రతి పటేల్ దగ్గర ఉంచండి. పదిమంది ఎదుట ఇచ్చిన మాటకు గోండు సమాజంలో ఉన్న విలువ యజమానికి కూడా ఆ కాసేపట్లోనే అర్థమవుతుంది.

ఇంటర్వ్యూ బల్లల దగ్గర ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నను తీసివేయమని యజమానులను కోరండి. నలుగురిలో తన గురించి తాను గొప్పగా చెప్పుకోవడం గూడెంలో మర్యాదగా భావించరు. దానికి బదులు పని చూపించి చేయమనండి: ఒక బిల్లు కూడమనండి, ఒక వస్తువును విప్పి బిగించమనండి, వచ్చిన మనిషికి దారి చెప్పమనండి. ప్రశ్న అడిగిన తరువాత కాస్త ఆగమని కూడా చెప్పండి. ఆ మౌనంలో ఆ యువకుడు తెలుగులో విన్నదాన్ని గోండీలో ఆలోచించి మళ్ళీ తెలుగులోకి తెచ్చుకుంటున్నాడు. ప్రతి బల్ల దగ్గరా గోండీ వచ్చిన వాలంటీరు ఉండాలి గాని, అభ్యర్థి తరఫున జవాబు చెప్పకూడదు. సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి వంటి ఆరోగ్య విషయాలను అందరిలో అడగనివ్వకండి, అవసరమైతే తరువాత వైద్యుడి సమక్షంలో విడిగా మాట్లాడుకోవచ్చు.

ఎంపికైన వారికి ఆ సాయంత్రమే ఉత్తరం ఇచ్చినా, సమ్మతి మాత్రం వారం తరువాత తీసుకోండి. ఇంటికి వెళ్ళి మాట్లాడుకోవాలి, పొలం పని ఎవరు చూస్తారో తేల్చుకోవాలి. ఎంపిక కానివారిని ఖాళీ చేతులతో పంపవద్దు. పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ళ వయసు వారికి దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన శిక్షణ ఉంది, ఐటీడీఏల యువజన శిక్షణ కేంద్రాలు ఉన్నాయి, ఐటీఐ చదివిన వారికి అప్రెంటిస్‌షిప్ ఉంది. ఎవరికి ఏది తగినదో అక్కడే రాసి, ఎవరు ఎప్పుడు తీసుకువెళతారో కూడా రాయండి.

పంపిన తరువాత ఆరు నెలలు

మొదటి ప్రయాణంలో ఒక పెద్ద మనిషి వెంట వెళ్ళి, గది చూసి, పని చోటు చూసి, తిరిగి వచ్చి ఊళ్ళో చెప్పాలి. దాని ఖర్చు మేళా బడ్జెట్‌లోనే పెట్టుకోండి. మొదటి జీతం రావడానికి నలభై రోజులు పట్టవచ్చు, ఆ లోపు తిండికీ గదికీ చేతిలో డబ్బు లేకనే చాలామంది వెనక్కి వస్తారు. యజమానితో మాట్లాడి పదిహేను రోజులకు కొంత అడ్వాన్సు ఇప్పించండి, కుదరకపోతే మహిళా సంఘం ద్వారా చిన్న చేబదులు ఏర్పాటు చేయండి.

అప్పటికే నగరంలో రెండు మూడేళ్ళుగా పనిచేస్తున్న ఆదివాసీ యువకులు ఉంటారు. కొత్తగా వెళ్ళిన ప్రతి నలుగురికీ వారిలో ఒకరిని అప్పగించి, ఆదివారం ఆదివారం కలిసి వండుకుని తినేలా చూడమనండి. మీరు పదిహేనో రోజున, ముప్పయ్యో రోజున, ఆ పైన నెలకోసారి ఫోను చేయండి. పని మానేసి వచ్చిన వారింటికి స్వయంగా వెళ్ళి కారణం అడిగి, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, మందలించవద్దు. ఒకే సంస్థ నుంచి ఒకే కారణంతో ముగ్గురు వచ్చారంటే, సంతకం చేసిన కాగితం తీసుకుని పటేల్‌తో సహా ఆ సంస్థకు వెళ్ళండి.

మీ నివేదికలో ఎన్ని ఆఫర్ లెటర్లు ఇచ్చామన్న అంకెను పక్కన పెట్టి, ఆరు నెలల తరువాత ఎంతమంది పనిలో ఉన్నారన్న అంకెను రాయండి. ఆ జాబితాను, ఏ యజమాని మాట నిలబెట్టుకున్నాడో ఎవరు తప్పారో సహా, తరువాతి ఏడాది యజమానులను పిలవడానికి ముందు అదే చెట్టు కింద పెద్దల ఎదుట చదివి వినిపించండి. ఈసారి ఎవరిని పిలవాలో వారే చెబుతారు.